మూడో సాక్షి: ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల పర్యావరణ తనిఖీ

స్మారక ఉపన్యాసానికి బొగ్గు గనుల తనిఖీని విషయంగా ఎంచుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. తనిఖీ ఫైళ్ల వ్యవహారమనీ, అధికారులకూ యాజమాన్యానికీ మధ్య నడిచే తంతు అనీ మనకొక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఆ అభిప్రాయంలోనే అసలు జబ్బు ఉందని నా వాదన. మన దగ్గర బొగ్గు మీద జరిగే చర్చంతా అనుమతి చుట్టూనే తిరుగుతుంది. గని రావాలా వద్దా, ఏ ఊరు లేస్తుంది, ఎంత అడవి పోతుంది, పరిహారం ఎంత అన్నవే ప్రశ్నలు. ప్రజాభిప్రాయ సేకరణ రోజున జిల్లా అధికారి ముందు ఊరివాళ్లకు మైకు అందుతుంది, వీడియో తీస్తారు, మినిట్స్ రాస్తారు. సాయంత్రానికి షామియానా విప్పేస్తారు. ఆ తరువాత గని ఇరవై ముప్పై ఏళ్లు నడుస్తుంది. అనుమతి పత్రంలో రాసిన షరతులు నిజమవుతాయో, కాగితం మీదే మిగులుతాయో తేలేది ఆ ఏళ్లలోనే. ఆ ఏళ్లలో చట్టం ఇద్దరినే గుర్తిస్తుంది: గని నడిపేవారిని, గనిని పరిశీలించేవారిని. గని పక్కన బతికేవారికి తనిఖీలో చోటు లేదు. ఆ మూడో సాక్షికి చట్టబద్ధమైన స్థానం దొరికేదాకా ప్రమాణాలు ఎంత బిగించినా, షరతులు ఎన్ని చేర్చినా ఫలితం కొద్దిగానే ఉంటుందని నేను చెప్పదలచుకున్నాను.

ఈ విషయం తెలంగాణకు దూరపు సంగతి కాదు. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతుల మీదుగా మొదలైన తవ్వకం 1920లో సింగరేణి కాలరీస్‌గా రూపుదిద్దుకుంది. ఇప్పుడు అందులో రాష్ట్ర ప్రభుత్వానిది 51 శాతం, కేంద్రానిది 49 శాతం వాటా. చాలా దశాబ్దాల పాటు బొగ్గుబాయి అంటే భూమి లోపలి బాయే. తట్టా చెమ్మస్‌తో, మోకాటి లోతు నీళ్లలో, పైకప్పు కూలుతుందేమోనన్న భయంతో కార్మికుడు పడిన కష్టం అది. 1975 నుంచి నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ (ఓసీ) పద్ధతి వచ్చింది, నేడు ఉత్పత్తిలో సింహభాగం ఓసీలదే. ఈ మార్పుతో ప్రమాదం కూడా చోటు మారింది. భూగర్భ గనిలో ప్రాణభయం ప్రధానంగా లోపల దిగినవాడిది. ఓసీలో దుమ్ము, కంపనం, అడుగంటిన బావి, బొగ్గు మీద నుంచి తీసి కొండల్లా పోసిన ఓవర్‌బర్డెన్ (ఓబీ) మట్టి గని హద్దు దాటి ఊరి మీదికి వస్తాయి. కార్మికుడికి యూనియన్ ఉంది, గనుల చట్టం ఉంది, కార్మికులే ఎన్నుకునే గుర్తింపు సంఘం ఉంది. హద్దు అవతలి రైతుకు అలాంటిదేదీ లేదు. గని స్వభావం మారినా, గనిని చూసే చూపు భూగర్భ కాలం దగ్గరే ఆగిపోయింది.

ఓసీలో పర్యావరణ తనిఖీకి వచ్చిన అధికారి ఏమేం చూడాలి? తవ్వకానికి ముందు తీసిన పైమట్టిని విడిగా నిల్వ చేశారా లేక ఓబీలో కలిపేశారా అన్నది మొదటిది. పైమట్టి పోతే ఆ నేల మీద తిరిగి చెట్టు నిలవడం కష్టం. ఓబీ గుట్టను మెట్లు మెట్లుగా పోశారా, మొత్తం వాలు అనుమతి పత్రాల్లో సాధారణంగా కనిపించే 28 డిగ్రీల హద్దులో ఉందా, గుట్ట పాదం దగ్గర రక్షణ గోడ ఉందా, వాననీరు వాగులోకి పోకుండా చుట్టూ కాలువలు, మట్టి తేరుకునే చెరువులు ఉన్నాయా అన్నవి తరువాతివి. డంపర్లు తిరిగే దారి మీద నీళ్లు కొడుతున్నారా, లారీల మీద టార్పాలిన్ కప్పుతున్నారా, డ్రిల్లింగ్ తడిగా చేస్తున్నారా చూడాలి. చుట్టుపక్కల బావుల్లో నీటి మట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు కొలిచిన లెక్కలు అడగాలి. బ్లాస్టింగ్ కంపనానికి 1997 నాటి గనుల భద్రతా సర్క్యులర్ హద్దులు పెట్టింది. గని యాజమాన్యానికి చెందని ఇళ్ల దగ్గర కంపనాల పౌనఃపున్యాన్ని బట్టి సెకనుకు 5, 10, 15 మిల్లీమీటర్లు దాటకూడదు. గని నుంచి బయటికి వదిలే నీటిలో తేలే ఘనపదార్థం లీటరుకు 100 మిల్లీగ్రాములు మించకూడదు. ఇవన్నీ మంచి షరతులే. షరతుల కొరత మనకు ఎన్నడూ లేదు.

ఈ షరతులను పరిశీలించేవారి కొరత కూడా కాగితం మీద లేదు. కేంద్ర పర్యావరణ శాఖకు హైదరాబాద్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది. నీటి చట్టం, గాలి చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఉంది. భద్రతకు గనుల భద్రతా డైరెక్టరేట్ (డీజీఎంఎస్), గని మూసివేత లెక్కలకు బొగ్గు కంట్రోలర్, అటవీ షరతులకు అటవీ శాఖ ఉన్నాయి. ఇంతమంది ఉన్నా నిత్య సమాచారానికి ఆధారం ఒక్కటే: యాజమాన్యం తనకు తానుగా రాసే నివేదిక. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న అర్ధ సంవత్సర అమలు నివేదిక సమర్పించాలి. అది ప్రజాపత్రం, అడిగినవారికి ఇవ్వాలి. కానీ ఆ నివేదిక నిజమో కాదో నేల మీదికి వెళ్లి పోల్చి చూసే మనుషులు, అధికారాలు తక్కువ. అనుమతి తరువాతి పర్యవేక్షణ మీద కాగ్ 2016లో చేసిన పరిశీలన ప్రాంతీయ కార్యాలయాల్లో సిబ్బంది కొరతను, షరతులు ఉల్లంఘించినవారి మీద చర్య తీసుకునే అధికారం ఆ కార్యాలయాలకు లేకపోవడాన్ని ఎత్తిచూపింది. ఇక్కడ మామూలుగా వినిపించే పరిష్కారం సిబ్బందిని పెంచమన్నది. పెంచాల్సిందే. అయితే అంతటితో పని జరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి తరువాత వస్తాను.

ముందు చట్టం గడప దగ్గర ఎవరు నిలబడగలరో చూద్దాం. భోపాల్ తరువాత వచ్చిన 1986 పర్యావరణ పరిరక్షణ చట్టంలో 10వ సెక్షన్ అధికారికి లోపలికి వెళ్లి చూసే హక్కునిస్తుంది. 11వ సెక్షన్ గాలి, నీరు, మట్టి నమూనాలు తీసే పద్ధతి చెబుతుంది. నమూనా తీసేముందు ఆ స్థలం యజమానికి నోటీసు ఇవ్వాలి. అతని సమక్షంలోనో, అతని ప్రతినిధి సమక్షంలోనో తీయాలి. సీలు వేసిన పాత్ర మీద ఇద్దరూ సంతకం చేయాలి. నిందితుడి హక్కును కాపాడే ఈ జాగ్రత్త న్యాయమైనదే, నేను దాన్ని తప్పుపట్టను. కానీ అదే సెక్షన్‌లో ఆ వాగు నీళ్లు పారే పొలం రైతు ఎక్కడున్నాడు? నమూనా ఏ చోట, ఏ రోజున తీస్తున్నారో అతనికి చెప్పాలన్న మాట లేదు. అతను పక్కన నిలబడవచ్చన్న మాట లేదు. 19వ సెక్షన్ కింద 60 రోజుల నోటీసు ఇచ్చి కోర్టుకు వెళ్లే దారి పౌరుడికి ఉంది. అయితే కోర్టులో అతను చూపాల్సిన సాక్ష్యం అతను లేనప్పుడు తీసినదే. సాక్ష్యం పుట్టే చోట అతన్ని బయట నిలబెట్టి, సాక్ష్యం తెమ్మని కోర్టు మెట్ల దగ్గర అడగడం ఈ చట్టంలోని లోటు.

కొలత తీసే చోటు కూడా ఇదే కథ చెబుతుంది. బొగ్గు గనుల కోసం 2000లో ప్రత్యేకంగా తెచ్చిన గాలి ప్రమాణాల ప్రకారం దుమ్ము పుట్టే చోటి నుంచి, గాలి వీచే దిశలో 500 మీటర్ల దూరంలో కొలవాలి. 1998 డిసెంబర్ తరువాత మొదలైన గనులకు శ్వాసలోకి పోయే ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 250 మైక్రోగ్రాముల దాకా ఉండవచ్చు. మనుషులుండే చోట గాలికి 2009 జాతీయ ప్రమాణం ఇలాంటి ధూళికి (పీఎం10) 100 మైక్రోగ్రాములు. ఈ రెండు అంకెలూ వేర్వేరు అవసరాలకు పెట్టినవే, ఒకటి గని పరిధికి, ఇంకొకటి నివాసాలకు. చిక్కంతా గని అంచుకూ ఇంటి గడపకూ మధ్య దూరం కరిగిపోయిన ఊళ్లలో వస్తుంది. అక్కడ ఏ అంకెతో పోల్చాలి, యంత్రం ఏ డాబా మీద పెట్టాలి, ఏ నెలలో పెట్టాలి అన్న నిర్ణయమే ఫలితాన్ని సగం తేల్చేస్తుంది. గాలి ఏ పూట ఎటు మళ్లుతుందో, బావి ఏ నెలలో దిగిపోతుందో, ఏ బ్లాస్టింగ్‌కు గిన్నెలు కదిలాయో తెలిసినవారు ఊళ్లోనే ఉన్నారు. యంత్రాన్ని ఎక్కడ ఉంచాలన్న నిర్ణయంలో వారి మాటకు ప్రవేశం లేదు.

కాలం విషయంలో అధికారి చూపుకూ ఊరి చూపుకూ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అధికారి వస్తున్నాడని ముందే తెలిసిన తనిఖీ పెళ్లిచూపుల రోజు ఇంటిని చూసినట్టు ఉంటుంది. అన్నీ సర్దే ఉంటాయి. దారుల మీద నీళ్లు పడతాయి, టార్పాలిన్లు బిగుస్తాయి, కాలువల్లో పూడిక తీస్తారు. ఓసీ పని మూడు షిఫ్టుల్లో నడుస్తుంది, అధికారి పగటిపూటే వస్తాడు. మట్టిగుట్ట కరిగేది జూలై, ఆగస్టు వానల్లో. దుమ్ము లేచేది ఎండాకాలం గాలిలో, రాత్రి షిఫ్టులో. ఏడాదికి ఒకటో రెండో రోజులు చూసినవాడు మిగతా రోజులను ఊహించుకోవాలి. పక్క ఊరివాడికి ఆ ఊహ అక్కర్లేదు. అతనికి శాస్త్ర పరిభాష తెలియకపోవచ్చు. కానీ ఎడతెగకుండా చూస్తున్న కన్ను అతనిదొక్కటే. ఆ కన్ను చూసిన దాన్ని అధికార పత్రంలోకి తెచ్చే దారి లేకపోతే ఏమవుతుందో చరిత్ర రెండుసార్లు చాలా ఖరీదుగా చూపించింది.

మొదటిది వేల్స్‌లోని ఆబర్‌ఫాన్. 1966 అక్టోబర్ 21న బొగ్గు గని వ్యర్థాల గుట్ట జారి కింది బడి మీద పడింది. 144 మంది చనిపోయారు, వారిలో 116 మంది పిల్లలు. ఆ గుట్టను నీటి ఊట మీద పోశారు. బడి వెనుక బురద గుట్ట గురించి స్థానిక పురపాలక ఇంజనీరు ఆ ప్రమాదానికి మూడేళ్ల ముందు నుంచే ఉత్తరాలు రాశాడు. విచారణలో తేలిన అసలు విషయం ఏమిటంటే గుట్టల స్థిరత్వాన్ని పరిశీలించాలన్న చట్టమే అప్పటికి ఆ దేశంలో లేదు. ఇన్‌స్పెక్టర్లు గని లోపలి భద్రత చూసేవారు, గని బయట పోసిన గుట్ట ఎవరి పట్టికలోనూ లేదు. 1969లో గుట్టల కోసం ప్రత్యేక చట్టం తెచ్చారు. ఆబర్‌ఫాన్‌ది భూగర్భ గని గుట్ట, ఓసీ గుట్ట కాదన్నది నిజమే. కానీ ఊరికి తెలిసిన సంగతి తనిఖీ పత్రానికి తెలియకపోవడం అన్న లోపానికి గని రకంతో పని లేదు.

రెండోది అమెరికాలోని వెస్ట్ వర్జీనియా, బఫెలో క్రీక్ లోయ. బొగ్గు వ్యర్థాలతో కట్టిన ఆనకట్ట 1972 ఫిబ్రవరి 26న తెగి 125 మందిని మింగింది, సుమారు 4 వేల మందికి ఇల్లు లేకుండా చేసింది. దీనికి నాలుగు రోజుల ముందే ప్రభుత్వ గనుల ఇన్‌స్పెక్టర్ దాన్ని సంతృప్తికరమని రాశాడు. ఆ లోయ నివాసి ఒకరు 1968లోనే ఆ కట్టడం తమ మీద పడుతుందేమోనని గవర్నర్‌కు లేఖ రాశారు. ఇన్‌స్పెక్టర్ అవినీతిపరుడని అనుకోవాల్సిన పని లేదు. ఒక పూట వచ్చి చూసినవాడికి కట్ట నిలబడే కనిపించింది. నాలుగేళ్లుగా కింద పడుకున్నవాళ్లకు అలా కనిపించలేదు. రెండు చూపులనూ పక్కపక్కన పెట్టి చూసే ఏర్పాటు ఉంటే ప్రాణాలు తప్పక దక్కేవని చెప్పలేం. ఆ ఏర్పాటు లేనందువల్ల హెచ్చరిక పనికిరాకుండా పోయిందని మాత్రం చెప్పగలం.

ఆ దశాబ్దంలోనే అమెరికా ఉపరితల బొగ్గు గనుల చట్టం చేసింది. అధ్యక్షుడు ఫోర్డ్ రెండుసార్లు అడ్డుకున్నాక 1977 ఆగస్టు 3న కార్టర్ సంతకంతో అది అమలులోకి వచ్చింది. మన వాదానికి పనికొచ్చే అంశాలు అందులో చాలా ఉన్నాయి. నడుస్తున్న గనికి సగటున నెలకు ఒక పాక్షిక తనిఖీ, మూడు నెలలకు ఒక సంపూర్ణ తనిఖీ జరగాలి. ఏ రోజు వస్తారో ముందు చెప్పకూడదు. తనిఖీ నివేదికలు గని ఉన్న ప్రాంతంలోనే, అక్కడి నివాసులకు అందుబాటులో ఉంచాలి. నివాసి ఫిర్యాదు మీద తనిఖీ జరిగితే ఆ రోజు ఎప్పుడో అతనికి తెలపాలి, ఇన్‌స్పెక్టర్‌తో కలిసి గనిలోకి వెళ్లనివ్వాలి. ఈ చివరి నిబంధన నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోస్తుంది. డబ్బు సంగతీ అంతే. గని మొదలుకాకముందే పునరుద్ధరణ కోసం పూచీ సొమ్ము కట్టాలి. గుంత పూడ్చి నేల సరిచేస్తే 60 శాతం వరకూ తిరిగిస్తారు. పచ్చదనం నిలిచాకా, ఆపైన ఐదేళ్లు, వానలు తక్కువ పడే చోట పదేళ్లు గడిచాకా మిగతాది ఇస్తారు. ఇచ్చేముందు స్థానిక పత్రికలో ప్రకటన వేయాలి, పక్క భూముల యజమానులకు తెలపాలి, అభ్యంతరం వస్తే వినాలి. అంటే పొరుగువాడి మాట వినకుండా కంపెనీ డబ్బు కంపెనీకి తిరిగి రాదు.

ఈ చట్టాన్ని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. అమలు చాలా వరకు రాష్ట్రాల చేతికి వెళ్లింది. బొగ్గే జీవనాధారమైన రాష్ట్రాల్లో ఆ చేతులు మెత్తబడ్డాయన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. పెద్ద కంపెనీలు సొమ్ము కట్టకుండా తమ ఆస్తిపాస్తులనే పూచీగా చూపే వెసులుబాటు ఇచ్చారు. 2015, 2016లలో ఆల్ఫా, ఆర్చ్, పీబాడీ వంటి సంస్థలు దివాలా దరఖాస్తు చేసినప్పుడు ఆ పూచీ ఎంత బోలుదో అర్థమైంది. కొండ శిఖరాలను పేల్చి లోయల్లో పోసే తవ్వకాన్ని కూడా ఈ చట్టం ఆపలేకపోయింది. అయితే ఈ వైఫల్యాలు ఎక్కడ పుట్టాయో గమనించండి. పొరుగువాడికి హక్కు ఇచ్చిన నిబంధనల వల్ల గనులు ఆగిపోలేదు, గందరగోళం రాలేదు. నియంత్రించేవారూ నడిపేవారూ తమలో తాము సర్దుకున్న చోట, అంటే మూడో మనిషి లేని చోటే చట్టం జారింది.

ఇప్పుడు సిబ్బందిని పెంచితే చాలదా అన్న ప్రశ్నకు వస్తాను. దీనికి మన దేశంలోనే, గుజరాత్‌లో, గట్టి సాక్ష్యం ఉంది. అక్కడ 1996 నుంచి హైకోర్టు ఆదేశంతో పరిశ్రమలకు పర్యావరణ ఆడిట్ ఉంది. ఆడిటర్‌ను ఎంచుకునేదీ, డబ్బిచ్చేదీ పరిశ్రమే. ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికోలస్ ర్యాన్ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలితో కలిసి చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. పాత పద్ధతిలో ఆడిటర్ల కొలతలు విచిత్రంగా హద్దుకు కాస్త కిందనే గుమిగూడాయి. ఆడిటర్‌ను లాటరీలా కేటాయించి, ఉమ్మడి నిధి నుంచి స్థిర రుసుము ఇచ్చి, కొన్ని కొలతలను ఇంకొకరు మళ్లీ సరిచూసేలా చేసినప్పుడు, హద్దులోనే ఉందని తప్పుగా రాసే అవకాశం 80 శాతం తగ్గింది. పరిశ్రమల కాలుష్యమూ తగ్గింది. అదే బృందం 2018లో ప్రచురించిన రెండో అధ్యయనం తనిఖీల సంఖ్యను దాదాపు రెట్టింపు చేసి చూసింది. సగటు కాలుష్యంలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. అవి గనుల మీద చేసిన అధ్యయనాలు కావు, వాటిలో గ్రామస్థుల పాత్రా లేదు. అయినా రెండింటినీ కలిపి చదివితే ఒక సంగతి తేలుతుంది. చూసేవాడు ఎన్నిసార్లు వచ్చాడన్నదానికన్నా ఎవరికి జవాబు చెబుతాడు, అతని రాతను ఎవరు సరిచూస్తారు అన్నవే నిజాన్ని రాయిస్తాయి. గనికి ఆ సరిచూపు ఏటా, ప్రతి ఊళ్లో, తక్కువ ఖర్చుతో ఇవ్వగలిగినవారు పొరుగువారే.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ, ఊరివాళ్లకు ఏం తెలుసన్నది. పీఎం10 అంటే ఏమిటో, కంపన వేగం ఎలా కొలుస్తారో తెలియని మనిషి తనిఖీలో ఏం చేస్తాడంటారు. ఈ ప్రశ్నకు తెలుగు నేలే జవాబిచ్చింది. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెద్ద ఎత్తున నడిపింది. దానికోసం 2009లో ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. ఆ అనుభవం మీదే 2011లో జాతీయ నియమాలు రూపొందాయి. మస్టర్ రోల్, కొలతల పుస్తకం అప్పటిదాకా ఇంజనీర్లకూ గుమస్తాలకూ మాత్రమే అర్థమయ్యేవి. కూలీల కుటుంబాల నుంచి వచ్చిన యువతీయువకులు కొద్దిపాటి శిక్షణతో వాటిని చదివి, ఇంటింటికీ తిరిగి సరిచూసి, ప్రజావేదికలో అందరి ముందూ అడిగారు. చెరువు పూడిక ఎన్ని ఘనపు మీటర్లు తీశారో లెక్కకట్టగలిగినవారికి ఓబీ గుట్ట ఎన్ని మెట్లుగా పోశారో లెక్కపెట్టడం అసాధ్యం కాదు. ప్రయోగశాల పని ప్రయోగశాలదే. నమూనా ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు, సీలు సరిగా వేశారా అన్నవాటికి సాక్షి కావడానికి శాస్త్రవేత్త కానక్కర్లేదు.

రెండో ఆక్షేపణ భద్రత గురించి. నడుస్తున్న ఓసీలోకి బయటివారిని పంపలేమంటారు. బ్లాస్టింగ్ వేళ, డంపర్ల మధ్య అది నిజంగానే ప్రమాదం. అయితే హెల్మెటూ బూటూ ఇచ్చి, వాహనంలో, అధికారి వెంట ఇద్దరు శిక్షణ పొందిన ప్రతినిధులను తీసుకువెళ్లడం అంత కష్టమేమీ కాదు. అతిథులకూ విద్యార్థి బృందాలకూ గనులు చూపించే ఏర్పాట్లు ఉన్నప్పుడు, నష్టపోతున్న ఊరి ప్రతినిధికి లేవనడం నిలవదు. పైగా చూడాల్సిన వాటిలో సగం, కాలువలు, గుట్ట పాదాలు, వాగులు, బావులు, ఇళ్ల గోడలు, గని అంచునో బయటో ఉంటాయి. మూడో ఆక్షేపణ ఇంతకన్నా బరువైనది. ఊరి ప్రతినిధి పేరుతో కాంట్రాక్టులు అడిగేవారు, పార్టీల మనుషులు, బెదిరించి డబ్బు గుంజేవారు దూరుతారంటారు. దూరే అవకాశం లేదని నేననను. కానీ ఆ బేరాలు ఇప్పుడు చీకట్లో జరుగుతున్నాయి, ఎందుకంటే ఉన్న దారి అదొక్కటే. ప్రతినిధులను గ్రామసభ నుంచి లాటరీ పద్ధతిలో ఎంచి, ఏటా మార్చి, వారికి నిలిపివేసే అధికారం ఇవ్వకుండా చూసి రాసే అధికారం మాత్రమే ఇస్తే బేరానికి సరుకు మిగలదు. చూసింది అదే రోజు గ్రామసభ గోడ మీదికి ఎక్కితే దాచిపెడతానని అమ్ముకోవడానికి ఏముంటుంది?

నాలుగో ఆక్షేపణ సాంకేతికత పేరుతో వస్తుంది. ఉపగ్రహాలున్నాయి, నిరంతరం గాలిని కొలిచి సర్వర్‌కు పంపే యంత్రాలున్నాయి, ఇక మనుషులెందుకంటారు. వాటి విలువ గొప్పది. ఉపగ్రహ చిత్రం తవ్విన విస్తీర్ణాన్ని, పచ్చబడిన విస్తీర్ణాన్ని దాపరికం లేకుండా చూపిస్తుంది. కానీ ఆ పచ్చదనం కింద పైమట్టి ఉందో లేదో, మొక్కలు నాటిన నేలలో పశువు మేస్తుందో లేదో, చేతిపంపు ఎన్ని అడుగులు దిగిపోయిందో అది చూపించదు. యంత్రం తన చుట్టూ ఉన్న గాలినే కొలుస్తుంది. దాన్ని ఎక్కడ నిలబెట్టాలన్నది మనుషుల నిర్ణయమే, ఆగిపోయినప్పుడు బాగుచేసేదీ మనుషులే. యంత్రం సాక్ష్యాన్ని పెంచుతుంది, సాక్షిని తొలగించదు.

చివరి ఆక్షేపణ తెలంగాణలో గట్టిగా వినిపించేది. సింగరేణి ప్రజల సంస్థ, వేల కుటుంబాల అన్నం, రాష్ట్రం వెలుగు. దాని పనికి అడ్డం పడతారా అంటారు. కార్మికుల త్యాగాలను గౌరవించేవారు ఎవరూ ఈ మాటను తేలిగ్గా తీసుకోలేరు. కానీ ప్రభుత్వ సంస్థ కావడమే ఇక్కడ నా వాదానికి బలం. నియంత్రించే మండలీ, నియంత్రణకు లోబడే సంస్థా ఒకే ప్రభుత్వం కిందివైనప్పుడు ఇద్దరి మధ్య దూరం సహజంగానే తగ్గుతుంది. అలాంటప్పుడు బయటి సాక్షి అవసరం ప్రైవేటు గనికన్నా ఎక్కువ. ప్రభుత్వ సంస్థ కాబట్టే సమాచార హక్కు చట్టం నేరుగా వర్తిస్తుంది. ఆ 2005 చట్టం 2వ సెక్షన్ జె క్లాజు పౌరుడికి పత్రాలు అడిగే హక్కుతోపాటు పనులను స్వయంగా పరిశీలించే హక్కు, పదార్థాల ధ్రువీకరించిన నమూనాలు పొందే హక్కు కూడా ఇచ్చింది. రోడ్ల పనుల్లో అక్కడక్కడా వాడుతున్న ఈ హక్కును గని అంచున ఎవరూ గట్టిగా వాడలేదు. ఇక ఉత్పత్తి మాటకొస్తే, పొరుగువాడి ఫిర్యాదు మొదటి పగులు దగ్గరే వినిపిస్తే మరమ్మతుతో సరిపోతుంది. వినకపోతే అది ధర్నాగా, కోర్టు స్టేగా, హరిత ట్రిబ్యునల్ జరిమానాగా తిరిగి వస్తుంది. గనిని ఎక్కువ రోజులు ఆపేవి ఆ రెండో రకం అభ్యంతరాలే.

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది, కొత్త మంత్రిత్వ శాఖ ఏదీ అడగదు. నమూనా తీసేటప్పుడు యజమానికి నోటీసు ఇచ్చినట్టే, తనిఖీ బృందం గని గేటు దగ్గరికి చేరిన క్షణాన గ్రామ పంచాయతీకి సమాచారం ఇవ్వాలి. ప్రతినిధులను వెంట రానివ్వాలి, నివేదిక మీద మూడో సంతకంగా వారిది ఉండాలి. వారు విభేదిస్తే ఆ విభేదం అదే కాగితం మీద ఉండాలి. ఏటా ఒక తనిఖీ వానాకాలంలో, ఒకటి రాత్రి షిఫ్టులో జరగాలి. అర్ధ సంవత్సర నివేదిక తెలుగులో గ్రామసభ ముందుకు రావాలి. వీటికి డబ్బు లేదనడానికి వీల్లేదు. 2015 నుంచి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు ఉన్నాయి, కాలుష్య నివారణ వాటి ప్రాధాన్యాల్లో ఒకటి. శిక్షణ, ప్రయోగశాల రుసుములు అక్కడి నుంచే రావచ్చు. అన్నింటికన్నా ముఖ్యం మూసివేత సొమ్ము. 2009 మార్గదర్శకాలు ఓసీకి హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన ఎస్క్రో ఖాతాలో జమ చేయమన్నాయి. 2013 సవరణ ప్రకారం పనులు జరిగినట్టు తేలితే ఐదేళ్లకోసారి 80 శాతం వరకూ విడుదల చేసే వీలుండేది. ఇలాంటి ఏ విడుదలకైనా ముందు ఊరి అభ్యంతరాలు విని, వాటికి రాతపూర్వకంగా జవాబు చెప్పడం తప్పనిసరి చేస్తే తనిఖీకి ఒక్కసారిగా బలం వస్తుంది.

జరిమానాలతో ఆ బలం రాదు. 2023 జన విశ్వాస్ చట్టం పర్యావరణ ఉల్లంఘనలకు జైలుశిక్ష తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. వందల కోట్ల వ్యాపారానికి 15 లక్షలు ఒక ఖర్చు పద్దు మాత్రమే. జైలు భయం వెనక్కి తగ్గిన ఈ కాలంలో నిబంధనను నిలబెట్టగలిగినవి రెండే: అందరి ముందూ రాసిన నిజం, ఆ నిజం తేలేదాకా విడుదల కాని డబ్బు. మొదటిదాన్ని పొరుగువాడి కన్ను ఇస్తుంది, రెండోదాన్ని ఎస్క్రో ఖాతా ఇస్తుంది. రెండూ మన దగ్గర ఇప్పటికే విడివిడిగా ఉన్నాయి. వాటిని ఒకే తనిఖీ పత్రం మీదికి తేవడానికి పార్లమెంటు కోసం ఆగాల్సిన అవసరం కూడా లేదు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి గనికి ఇచ్చే నిర్వహణ సమ్మతిలో మూడో సంతకాన్ని ఒక షరతుగా రాయవచ్చు. రాష్ట్రానికి సగానికి పైగా వాటా ఉన్న సంస్థ ఆ షరతును తనంత తానే కోరి రాయించుకుంటే, దేశంలోని మిగతా బొగ్గు గనులకు ఆ మాట చెప్పే అర్హత తెలంగాణకు దక్కుతుంది.